తిరగబడిన గుండె, సరిచేసిన కన్ను

పోయిన నెల చిక్కడపల్లిలో బొమ్మలు నేర్పే ఒక చిన్న సంస్థవాళ్లు నన్ను పిలిచారు. "అక్కా, ముప్పై ఐదేండ్లు ఇదే పని చేసినవు. కొత్తగ వస్తున్నోళ్లకు నాలుగు ముచ్చట్లు చెప్పరాదూ" అన్నారు. సరే కదా అని మంచి చీర కట్టుకుని, పాత స్కెచ్‌బుక్కులు రెండు సంచిలో వేసుకుని వెళ్లాను. ఇరవై మంది దాకా ఉన్నారు. ఇంజనీరింగ్ చదివి విసుగెత్తినవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట నేర్చుకునేవాళ్లు. నేను కుర్చీలో సర్దుకోకముందే మొదటి ప్రశ్న వచ్చింది.

"మేడం, మీరు ఏ యాప్ వాడుతరు?"

చెప్పాను.

"దాంట్ల ఏ బ్రష్?"

అదీ చెప్పాను.

"ఆ బ్రష్ సెట్టింగులు గ్రూపుల పెడతరా?"

నాలుగో ప్రశ్న వెనక వరసలోంచి. "అసలు ఇప్పుడు చేత్తోని గీసుడు అవసరమా మేడం?"

గంటసేపు కూర్చున్నాను. ఏం గీశారు, ఎవరి కోసం గీశారు, ఎప్పుడైనా తప్పు చేశారా అని ఒక్కరు అడగలేదు. స్కెచ్‌బుక్కులు సంచిలోంచి బయటికి రానే లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ నాలో నేనే గొణుక్కున్నాను. ఆ చిరాకు ఇంకా తగ్గకముందే ఇది రాస్తున్నాను. నా పేరు సులోచన. పాఠ్యపుస్తకాలకు, గైడ్లకు, అట్టలకు, బ్యానర్లకు, అడిగినవాళ్లకు బొమ్మలు వేసి బతికాను. నాకు కప్పిన శాలువాల గురించి రాయను. అవి రెండే, రెండూ బీరువాలో కలరా ఉండల వాసన కొడుతున్నాయి. పని అంటే నిజంగా ఏమిటో అదే రాస్తాను.

మేక గుండె

నారాయణగూడ చౌరస్తాకు దగ్గర్లో ఒక సందులో ఇంటర్ పిల్లలకు గైడ్లు వేసే సంస్థ ఒకటి ఉండేది. కింద ప్రెస్సు, పైన ఆఫీసు. యజమాని మాణిక్‌రావు గారు. తెల్లటి పైజామా, చెవిలో అత్తరు దూది, నోట్లో పాన్. బొమ్మల కోర్సు పూర్తిచేసిన నన్ను జంతుశాస్త్రం పుస్తకానికి బొమ్మలు వేయడానికి తీసుకున్నారు. మొదటి రోజే మనిషి గుండె వేయమన్నారు.

నేను తెలివైనదాన్ని అనుకునేదాన్ని అప్పట్లో. ఇంకో సంస్థ గైడు తెచ్చి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళకు గుండె తయారుచేశాను. ఇంకు గీత ఎక్కడా వణకలేదు. మాణిక్‌రావు గారు కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"ఎక్కడికెళ్లి కొట్టినవ్?"

"ఇంకో గైడులోంచి సర్."

"వాడు ఎక్కడికెళ్లి కొట్టిండు?"

"తెలియదు సర్."

"వాడు ఇంకోనిదాంట్లకెళ్లి కొట్టిండు. గా ఇంకోడు మరొకనిది. ఈ లైన్ల గుండె చూసినోడు ఒక్కడన్న ఉన్నడా బిడ్డా?" కాగితం నా చేతిలో పెట్టారు. "మార్కెట్ల మేక గుండె దొరుకుతది. తెచ్చుకో. కోసి చూడు. అటెన్క గీయ్."

మా ఇంట్లో ఏకాదశికి ఉల్లిపాయ కూడా ముట్టరు. మాంసం దుకాణాలవైపు నేను అప్పటిదాకా తల తిప్పి చూసింది లేదు. ఆ మాట చెబితే, "నేను తినుమన్ననా, చూడుమన్న" అన్నారాయన. మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని మార్కెట్‌కు వెళ్లాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుండె ఒకటి కావాలన్నాను, కోయవద్దన్నాను.

"కోయకుంటె ఎట్ల వండుతవమ్మా?" అన్నాడు దుకాణం ఆయన.

"వండను. బొమ్మ గీస్తాను."

ఆయన కత్తి ఆపి నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, పైనున్న రక్తనాళాలు తెగకుండా జాగ్రత్తగా తీసి డబ్బాలో పెట్టాడు. "జర పైలంగ తీస్కపో. మంచిగ రావాలె మరి బొమ్మ" అన్నాడు.

ఆఫీసులో బల్ల మీద పాత పేపర్ పరిచి, గడ్డం గీసుకునే బ్లేడుతో కోశాను. మొదటి ఐదు నిమిషాలు కొంగు ముక్కు మీంచి తీయలేదు. తర్వాత అదంతా మరిచిపోయాను. కింద రెండు గదులుంటాయని పుస్తకంలో చదివాను. రెండూ ఒకే మందంతో గీసిన బొమ్మలే చూశాను. నా చేతిలో ఉన్న గుండెలో ఒక గది గోడ వేలంత మందం ఉంది, రెండోది పూరీ అంత పలచన. ఒళ్లంతటికీ రక్తం కొట్టే గది ఒకటి, పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు కొట్టేది ఒకటి. పనిని బట్టి గోడ. ఎవరూ చెప్పకుండానే బ్లేడు చెప్పింది.

ఆ గుండెను పదకొండు సార్లు వేశాను. పదిసార్లు మాణిక్‌రావు గారు ఏదో ఒక వంక పెట్టారు. ఒకసారి వంక దొరక్క, "సంతకం ఎందుకింత లావుగ పెట్టినవ్" అన్నారు. పదకొండోసారి మాత్రం ఏమీ అనకుండా అచ్చుకు బ్లాకు తయారుచేసే మనిషికి పంపారు. ఇంట్లో మా అమ్మ ఆ డబ్బా వాసన చూసి సంగతి రాబట్టి, డబ్బాను అట్లకాడతో వీధిలోకి నెట్టింది. నన్ను తల స్నానం చేస్తేగానీ లోపలికి రానివ్వలేదు.

మాణిక్‌రావు గారు మంచి బాస్ అని నేను చెప్పను. మాట కటువు, మెచ్చుకోలు సున్నా, సెలవు అడిగితే ముఖం మాడ్చుకునేవారు. కానీ చూడకుండా గీయకూడదని నేర్పింది ఆయనే. కాబట్టి కాపీ కొట్టి గీసేవాళ్లను చూస్తే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

ఒక్క మీట

ఏడెనిమిదేళ్లకు కంప్యూటర్ వచ్చింది. అంతకుముందు దాని పేరెత్తితే చాలు, "అది లెక్కలకు, బొమ్మలకు కాదు" అనేవారు మాణిక్‌రావు గారు. ఒక ఏడాది పోటీ సంస్థవాళ్లు రంగుల గైడు వేశారు. ఆ వారంలోనే మా ఆఫీసులో కంప్యూటర్ దిగింది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "రేపటిసంది ఇంకు బంద్" అన్నారు. నా ఇంకు సీసాలు, పాళీలు, రూళ్లు అన్నీ అట్టపెట్టెలో వేయించి మెట్ల కింద పెట్టించారు. నిన్నటిదాకా పాళీ పట్టుకోవడం రాలేదని తిట్టిన మనిషే, ఇవాళ పాళీ పట్టుకుంటే పాతకాలం దానివని తిడుతున్నారు. ఎవరితో చెప్పుకోను?

అబద్ధం ఎందుకు, కంప్యూటర్ నాకు నచ్చింది. తప్పు గీత వేస్తే బ్లేడుతో గీకక్కర్లేదు. ఒక బొమ్మను పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు. నా పాత ఇంకు బొమ్మలన్నీ స్కాన్ చేసి రంగులు వేసుకున్నాను. నెల తిరిగేసరికి మౌస్ నా చేతికి అలవాటైంది. అసలు ప్రమాదం అక్కడే వచ్చింది.

కొత్త రంగుల పుస్తకం పేజీలు కడుతున్నాం. గుండె బొమ్మ ఎడమ పేజీలో వచ్చింది. మాణిక్‌రావు గారు నా వెనక నిలబడి, "బొమ్మ బయటి దిక్కు చూస్తున్నది. లోపలి దిక్కు తిప్పు, పేజీ అందంగ ఉంటది" అన్నారు. నేను ఒక్క మీట నొక్కాను. అద్దంలో చూసినట్టు బొమ్మ అటుది ఇటు అయింది. పేర్లు రాసిన పొర వేరుగా ఉంటుంది కాబట్టి అవి కదలలేదు. పేజీ నిజంగానే అందంగా కనిపించింది. "శబాష్" అన్నారాయన. ఎనిమిదేళ్లలో మొదటి శబాష్.

ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి మనకు కుడివైపు ఉన్నట్టే, బొమ్మలో గుండె ఎడమ భాగం మన కుడివైపు ఉండాలి. తిప్పేసరికి మందమైన గోడ ఉన్న ఎడమ గది మన ఎడమవైపుకు వచ్చింది. దాని పక్కన మాత్రం 'కుడి జఠరిక' అని కదలకుండా ఉండిపోయింది. మేక గుండెను కోసి, పదకొండు సార్లు గీసిన నేను అది చూడలేదు. పుస్తకం అచ్చయి దుకాణాలకు వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పుష్పలత మేడం మెట్లెక్కి వచ్చారు. దగ్గర్లోనే ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. గొడుగు మూలకు ఆనించి, మా గైడు తెరిచి నా బల్ల మీద పెట్టారు.

"ఈ గుండె ఎవరిదమ్మా?"

"నేనే వేశాను మేడం."

"వేసినవు సరే. ఈ గుండె ఉన్న మనిషి ఎట్ల బతికిండో చెప్పు."

చూశాను. చూడగానే తెలిసిపోయింది.

"మా క్లాసుల ఒక పిల్ల లేచి నాతోని కొట్లాడింది" అన్నారామె. "బోర్డు మీద నేను గీసింది తప్పట. పుస్తకంల ఇట్లున్నది మేడం, అచ్చయిన పుస్తకంల తప్పెందుకుంటది అని అడిగింది. ఏం చెప్పాలె నేను?"

ఆమెను తీసుకుని మాణిక్‌రావు గారి గదిలోకి వెళ్లాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు. "రెండో ప్రింట్ల మారుద్దాం మేడం" అని నమస్కారం పెట్టి ఆమెను సాగనంపారు. తలుపు మూసుకున్నాక నావైపు తిరిగారు.

"పదిమందిల తొమ్మిదిమంది గుర్తు వట్టరు."

"పదో ఆమె వచ్చి పోయింది కద సర్."

"వాపస్ తెప్పిస్తె పేరు ఖరాబైతది."

"తెప్పియ్యకుంటె కాదా? పరీక్షలు నెల దినాలల్ల ఉన్నయ్."

"తిప్పుమన్నది నేనే, ఒప్పుకుంట. నువ్వేం చేస్తున్నవ్ మరి? గుండె కోసి చూసినదానివి నువ్వా, నేనా?" అని లేచి భోజనానికి వెళ్లిపోయారు.

నేను కిందికి దిగాను.

మెట్ల కింద అట్టపెట్టె తెరిచాను. ఇంకు గడ్డకట్టింది. చౌరస్తాలో కొత్త సీసా కొనుక్కొచ్చి, పేజీలో సరిగ్గా ఆ చోట అతికేటంత కాగితం మీద గుండెను చేత్తో వేశాను. కంప్యూటర్ మీద తిప్పితే క్షణంలో అయ్యే పని. కోపం చేతిలో ఉంటే మీట నొక్కడం చాలదు. ఆ బొమ్మ మాణిక్‌రావు గారి బల్ల మీద పెట్టి, ఇది అచ్చు వేయించమని చీటీ రాసి వచ్చేశాను. మర్నాడు నేను వచ్చేసరికి దిద్దుబాటు కాగితాలు కత్తిరించి, కట్టలు కట్టి నా కుర్చీ మీద పెట్టి ఉన్నాయి.

జిగురు డబ్బా పట్టుకుని దుకాణం దుకాణం తిరిగాను. నారాయణగూడ, చిక్కడపల్లి, హైదర్‌గూడ, అటు అంబర్‌పేట దాకా. కొందరు చెయ్యి సాయం చేశారు. ఒక దుకాణదారు మాత్రం అడ్డం తిరిగాడు.

"పుస్తకం మీద తప్పు అని అతికిస్తె ఎవరు తీస్కుంటరక్కా?"

"అతికించకపోతే తప్పు నేర్చుకుంటరు అన్నా."

"నేర్చుకుంటె నేర్చుకుంటరు, నాకేంది పరేషాన్?"

చివరికి గిరాకీ లేనప్పుడు మాత్రం వెనక స్టూలు మీద కూర్చుని అతికించుకోమన్నాడు. గిరాకీ వస్తే పుస్తకం మూసి కాళ్ల కింద పెట్టుకోవాలి. అట్లాగే చేశాను. పది రోజుల్లో సిటీలో చేతికి అందినన్ని సరిచేశాను. జిల్లాలకు వెళ్లినవాటిని ఏమీ చేయలేకపోయాను.

ఎండాకాలంలో పుష్పలత మేడం పేపర్లు దిద్ది వచ్చాక నాకు కబురు చేశారు. వెళితే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. "నా కట్టల ఆరు గుండెలు తిరగబడి ఉన్నయ్ సులోచనా" అన్నారు.

"మార్కులు తీసేశారా మేడం?"

"తీయక?"

అంతే. ఓదార్చలేదు, నేనూ ఓదార్పు కోరలేదు. ఆమె ఇంటి మెట్ల మీద కాసేపు కూర్చుని లేచి వచ్చాను. ఆ ఆరుగురు ఎవరో, డాక్టరు కావాలనుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి నేను వేసిన ప్రతి శాస్త్రం బొమ్మ ఎడమ మూలలో, ఎడమకు గుర్తుగా, చిన్నగా 'ఎ' అని రాస్తాను. ఎవరైనా తిప్పితే ఆ అక్షరమూ తిరగబడి పట్టిస్తుంది. మీ యాప్ ఏదైనా సరే, ఇది నేర్చుకోండి. బ్రష్ సెట్టింగుల కంటే పనికొస్తుంది.

డైనమిక్

మాణిక్‌రావు గారు ముసలివారై సంస్థ మూసేశాక అశోక్‌నగర్‌లో మా ఫ్లాటులోనే పని పెట్టుకున్నాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు. పనికి కొదవ లేదు. ఓపికకే కొదవ.

ఒక కోచింగ్ సెంటర్ డైరెక్టరు తన బొమ్మతో పెద్ద బ్యానర్ కావాలన్నాడు. వేసి పంపితే, "జర డైనమిక్‌గ కావాలె మేడం" అన్నాడు.

"డైనమిక్ అంటే ఎట్ల సర్?"

"అంటే... డైనమిక్! మీరు ఆర్టిస్టులు, మీకు తెల్వదా?"

వెనక సూర్యుణ్ని పెట్టాను. సూర్యుడు పార్టీ గుర్తులా ఉన్నాడన్నాడు. తీసేశాను. బోసిగా ఉందన్నాడు. మళ్లీ పెట్టాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. నెత్తి మీద జుట్టు కావాలి. బట్టతల తీసి జుట్టు పెట్టాను, గడ్డం కింద మడత తీశాను, పొట్ట తగ్గించాను. "ఇప్పుడు డైనమిక్!" అన్నాడు. బ్యానర్ కట్టిన రోజు ఆదిలాబాద్ నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఆయన ఎదురుగానే నిలబడి, "డైరెక్టర్ సార్ ఎక్కడుంటరు సార్?" అని ఆయన్నే అడిగాడట. తప్పు నాదేనని నాకు ఫోన్ చేసి అరిచాడు.

నవ్వొచ్చే సంగతే. కానీ నేను కూడా చేతికి అలవాటు చేసుకున్నాను చూడండి, ముఖం కనబడగానే సరిచేయడం. మచ్చ తీసేయడం, రంగు తెల్లగా చేయడం, వంకర సవరించడం. ఎవరూ అడగకముందే చేసేయడం. ఆ అలవాటు గురించి కింద రాస్తాను.

ఇప్పుడు కొత్తగా ఇంకో తలనొప్పి. మాటలు చెబితే బొమ్మ తయారుచేసే కంప్యూటర్లు వచ్చాయి. ఈమధ్య ఒక ప్రచురణకర్త అట్లా చేయించిన కప్ప బొమ్మలు పంపి, "మీరు చేసేదేం లేదు మేడం, జర టచప్" అన్నాడు. కప్పకు ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లే ఉంటాయి. ఇందులో ఒకదానికి ఐదు, ఇంకోదానికి ఆరు. పేర్లు రాయాల్సిన చోట తెలుగులా కనిపించే పిచ్చిగీతలు. ఫోన్ చేశాను.

"కప్పను ఎప్పుడన్న చూసినవా బాబూ?"

"ఎందుకు చూడలే మేడం, వానలు పడితె మా సెల్లార్ నిండ అవే."

"వేళ్లు లెక్కపెట్టినవా?"

"కప్ప వేళ్లు ఎవరు లెక్కపెడతరు మేడం?"

"బొమ్మ గీసేటోళ్లు లెక్కపెడతరు" అని పెట్టేశాను. ఆ పని మళ్లీ రాలేదు.

అట్లాగని నన్ను పాతకాలపు జట్టులో కలపకండి. ప్రదర్శనలకు వెళితే నా ఈడువాళ్లు, "డిజిటలా? బటన్ నొక్కితే వచ్చేదానికి కళ అని పేరా?" అంటారు. చిన్నవాళ్లేమో కాగితాన్ని చూసి మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూస్తారు. ఇద్దరితోనూ నాకు విసుగే. నేను పొద్దున బాల్కనీలో పెన్సిల్‌తో గీస్తాను. అది స్కాన్ చేసి టాబ్లెట్ మీద రంగులు వేస్తాను. ఒక్కోసారి దాన్ని అచ్చు తీసి పైన మళ్లీ నీటిరంగులు పూస్తాను. ఎటు కూర్చుని గీసినా మెడనొప్పి ఒక్కటే. గుండెను పాళీతో గీసినదీ నేనే, మీట నొక్కి తిప్పిందీ నేనే. పనిముట్టును తిట్టి తప్పించుకునేవాళ్లను, పనిముట్టును పొగిడి తప్పించుకునేవాళ్లను ఒకే గాటన కట్టేస్తాను.

బాలమణి

కిందటేడు మా పక్క ఖాళీ జాగాలో అపార్ట్‌మెంట్ కట్టడం మొదలైంది. అక్కడ ఇసుక మోసే బాలమణి రోజూ నన్ను బాల్కనీలో చూసేది. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఒక రోజు పని వదిలాక సిమెంటు చేతులు కడుక్కుని, మూడంతస్తులు ఎక్కి వచ్చింది.

"అక్కా, నువ్వు బొమ్మలు గీస్తవట. మా ఆయనది గీస్తవా?"

భర్త నర్సింహులు కామెర్లు ముదిరి పోయాడు. అప్పటికి ఏడాది కావస్తోంది. ఫోన్‌లో ఒకే ఒక్క ఫొటో ఉంది. ఎవరిదో పెళ్లిలో, పదిమంది వెనక, ముఖం గోరంత. ఫొటో స్టూడియోకు తీసుకెళితే తల కత్తిరించి సూటు మీద అతికించి ఇచ్చారట.

"సూటేసిన్రక్కా. టై గూడ కట్టిన్రు. పుట్టినకాడికెళ్లి ఆయన సూటు ముట్టలే."

ఇది నాకు చిటికెలో పని అనుకున్నాను. ఫొటో పెద్దది చేసి, టాబ్లెట్ మీద రెండు రోజులు కూర్చుని, తెల్ల అంగీ వేసి, మంచి కాగితం మీద అచ్చు తీయించి ఇచ్చాను. బాలమణి చాలాసేపు చూసింది. "మంచిగున్నడక్కా" అని కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది.

రెండో రోజు తిరిగి తెచ్చింది.

"ఈయన మావోడు కాదక్కా."

ముక్కు సన్నం చేశాను. మళ్లీ వచ్చింది. బుగ్గలు లోపలికి నెట్టాను, మీసం పలచన చేశాను. మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేది, ఒకసారి ఊరి నుంచి వచ్చిన సీతాఫలాలు కూడా. తినాలంటే నాకు సిగ్గు. నాలుగోసారి నాకు సహనం పోయింది.

"ఏం తక్కువైందో చెప్పు బాలమణీ! చెప్పకుంటె నేనెట్ల గీయాలె?"

"నాకు తెలిస్తె నేనే గీసుకుందు కద అక్కా" అంది.

అరిచినందుకు నాకే ఎట్లాగో అయింది. టాబ్లెట్ తీశాను. ఛార్జింగ్ లేదు. అందుకే కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. జ్ఞానోదయం ఏమీ కాలేదు, టాబ్లెట్ ఆగిపోయింది, అంతే. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన గురించి ఏదైనా చెప్పమన్నాను.

"ఏం చెప్పాలె? మంచోడే. కల్లు తాగుతుండె, కని లొల్లి చేయకపోతుండె. పిలిస్తె పలకడు. ఆయన మాట్లాడుతుంటె గోడ దిక్కు చూసినట్టుంటది, కని నన్నే చూస్తుండె. పెండ్లయిన కొత్తల నాకు తెల్వక కొట్లాడిన, నన్ను ఇడిసిపెట్టి ఎవర్ని చూస్తున్నవ్ అని."

పెన్సిల్ ఆగిపోయింది.

"ఆయనకు మెల్లకన్నా?"

"ఔ. చిన్నప్పటిసంది. నీకు ఫొటోల కనిపియ్యలేదా?"

కనిపించింది. మొదటి రోజు, మొదటి నిమిషంలోనే కనిపించింది. ఎడమ కంటి నల్లగుడ్డు పక్కకు జరిగి ఉంది. ఫొటో చెదిరిందేమో అని కూడా అనుకోలేదు నేను. చూశాను, చెయ్యి దానంతట అది వెళ్లి సరిచేసింది. డైరెక్టరుకు జుట్టు పెట్టినట్టు. ఇక్కడ ఎవరూ అడగలేదు, అదొక్కటే తేడా.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సదువుకున్నదానివి, చూసే గీసినవ్ అనుకున్న. ఆయనను సక్కగ చేసినవ్. సచ్చినంకనన్న సక్కగయిండు, మంచిదే గద అనుకున్న." కొంగు సర్దుకుంది. "గోడకు పెడితె పరాయి మగోడు చూస్తున్నట్టున్నదక్కా. చీర మార్చుకోవాలన్న సిగ్గయింది. తిప్పి పెట్టిన."

కొత్త కాగితం తీసి మొదటి నుంచి మొదలుపెట్టాను. గీసే ముందు అడగడం నేర్చుకున్నాను, అరవై దాటాక. ఎంత పక్కకు జరిగి ఉండేది? కోపం వస్తే ఎక్కువయ్యేదా? రెప్ప కొంచెం వాలి ఉండేదా? ఆమె ఒక్కొక్కటే చెప్పింది. మధ్యలో తన కన్ను అట్లా పెట్టి చూపించబోయి, రాక, తనకే నవ్వొచ్చింది. నుదురు, ముక్కు, మీసం అయ్యాయి. కుడి కన్ను అయింది. ఎడమ కంటి గుడ్డును మూలకు జరిపి నల్లగా దిద్దేసరికి బాలమణి లేచి నిలబడింది.

కాగితం నా చేతిలోంచి తనే తీసుకుంది. చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చూసింది. ఏడుస్తుందేమో అని నేను నీళ్ల కోసం లేవబోయాను.

"ఏందయ్యా, ఎటు చూస్తున్నవ్?" అంది.

నాతో కాదు.

"పోయేటోనివి పోయినవ్, రేషన్ కార్డు యాడ పెట్టినవో చెప్పి పోయినవా? నాలుగు దినాలు దేవులాడిన. బియ్యం డబ్బా కింద పెడతరా ఎవలన్న? చెప్పులు కుట్టించుకొస్త అని తీస్కపోతివి, ఏ దుకాణంల ఇచ్చినవో నాకేం ఎరుక? ఆడికి ఈడికి ఉరికిన. పిలిస్తె పలకవు. గిప్పుడు గూడ పలకవు..."

నేను వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను. పాలు పోశాను, ఆకు వేశాను, చక్కెర వేశాను. హాల్లో ఆమె గొంతు తగ్గడం లేదు. చెప్పుల సంగతి అయింది, బావ బాకీపడ్డ డబ్బుల సంగతి మొదలైంది. టీ మరిగి మరిగి చిక్కబడింది. మంట తగ్గించి, ఆమె తిట్లు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.